గోడ మీది డబ్బాలు

గాజు బీకరును వెలుతురుకు ఎత్తి పట్టుకొని సుభాషిణి అరనిమిషం ఊపిరి బిగబట్టింది. అయిదో నంబరు ట్యాంకులోంచి ముంచి తెచ్చిన నీళ్ళవి. అందులో కంటికి ఆనీ ఆనని రొయ్యపిల్లలు వందల్లో కదులుతున్నాయి. గుడ్డు నుంచి బయటపడి నాలుగు రోజులైన పిల్లలు. కడుపునిండా మేసిన పిల్ల అయితే తన ఒంటికంటే పొడుగైన మలం దారాన్ని వెనకాల ఈడ్చుకుంటూ తిరుగుతుంది. చెప్పుకోవడానికి బాగుండదు గాని, ఆ దారం కనబడితే రొయ్యపిల్లల్ని పొదిగించి అమ్మే ఈ హేచరీలో అందరికీ ప్రాణం లేచొస్తుంది. ఈ పూట బీకరులో ఒక్క దారం కూడా లేదు.

ఆరో నంబరులో అక్కడొకటి ఇక్కడొకటి. ఏడు, ఎనిమిదుల్లో సగానికి సగం. మిగతా ట్యాంకులు ఇంకా ఖాళీ. ఈ బ్యాచి అంతా ఈ నాలుగు ట్యాంకులే.

ల్యాబులోకి వెళ్ళి నిన్న పొద్దున ట్యాంకు నీటిచుక్కలు వేసి పెట్టిన గాజు ప్లేట్లు తీసి చూసింది. ఆకుపచ్చ చుక్కలు చిక్కగా పొక్కుల్లా లేచి ఉన్నాయి. చెడ్డ బ్యాక్టీరియా. రిజిస్టరులో అంకెలు వేసి, మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పింది. దాని కింద తనే అంటించిన కాగితం ఉంది, 'ముట్టుకోరాదు' అని. బల్ల చుట్టూ నేల మీద నీలం టేపు కూడా తనే వేసింది. ఊడ్చడానికి, తుడవడానికి ఎవరొచ్చినా ఆ టేపు దాకానే. ఈ హేచరీ మొత్తంలో తన మాట చెల్లే చోటు ఆ టేపు లోపలి ఆరడుగులే మరి.

ఎనిమిది గంటలకు రేకుల షెడ్డులో మీటింగు. మేనేజరు సుశీల్ కుమార్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని టీ ఊదుకుంటున్నాడు. మోటార్లు చూసే హజరత్తయ్య స్తంభానికి ఆనుకొని గొంతుక్కూర్చున్నాడు. మేత వేసేవాళ్ళు, ప్యాకింగువాళ్ళు ఒక పదిమంది నిలబడి ఉన్నారు.

"సార్, అయిదులో పిల్ల మేత ముట్టడం లేదు" అంది సుభాషిణి. "మనం తొట్టి నీళ్ళలో వేసే బ్లీచింగు మామూలుగా రెండు రోజులు పనిచేస్తుంది. ఇప్పుడు వేసిన సాయంత్రానికే ఖర్చయిపోతోంది. అందుకే బ్యాక్టీరియా చావడం లేదు. బ్లీచింగు మూటలు పాతవై ఉంటాయి. మార్చాలి."

సుశీల్ కుమార్ గ్లాసు కింద పెట్టి అందరివైపూ చూశాడు. "విన్నారా అబ్బా? పన్నెండేళ్ళుగా మనం బ్లీచింగు ఎయ్యడం కూడా చేతగాకుండానే ఈ హేచరీ నడిపినాం."

నవ్వులు లేచాయి. పెద్ద నవ్వులేమీ కావు. రోజూ నవ్వేవే.

"అట్లా కాదు సార్..."

"మీరు చదువుకున్నోళ్ళు మేడం. మాకేం తెలుస్తాది? అయితే ఒకటుండాది, ఆ రొయ్యపిల్లకి మీ పుస్తకం తెలీదు. అదీ మన బాధ."

సుశీల్ కుమార్ చెడ్డవాడేమీ కాదు. పన్నెండేళ్ళ కింద ఇదే హేచరీలో ట్యాంకులు కడగడానికి వచ్చి, కష్టపడి మేనేజరైనవాడు. అతని నోట 'మేడం' అనే మాట గౌరవంగానే బయలుదేరుతుంది, చెవి దాకా వచ్చేసరికి వెటకారమైపోతుంది. స్టాఫు వాట్సాప్ గ్రూపులో సుభాషిణికి 'సైంటిస్టు' అని పేరు. కంప్యూటరు మొరాయించినా, పిల్లకాయల కాలేజీ ఫారం నింపాల్సి వచ్చినా, మందు చీటీ అర్థం కాకపోయినా ఆ సైంటిస్టు దగ్గరికే ఒక్కొక్కరూ చాటుగా వస్తారు. నలుగురూ కలిసినప్పుడు మళ్ళీ నవ్వుతారు. కోవూరులో ఇంటికి ఫోన్ చేసి ఇవన్నీ చెప్పుకుంటే, "నీకు అన్నీ తెలిసినట్టు మాట్లాడబాకమ్మా, ఆడపిల్లవు" అంటుంది అమ్మ. తెలిసినదాన్ని తెలియనట్టు మాట్లాడడం ఎట్లాగో మాత్రం ఎవరూ చెప్పరు.

"సరే, బ్లీచింగు మారుస్తా. మళ్ళా నేను అడ్డం పడ్డానంటారు" అన్నాడు సుశీల్ కుమార్ లేస్తూ. తర్వాత గొంతు తగ్గించాడు. "గురువారం ఎండీ గారొస్తన్నారు. శాంపిళ్ళు నెల్లూరు పంపించి చూపించుకుంటే పాయ, మనకి ల్యాబెందుకని ఆయన ఎప్పట్నించో అడగతన్నాడు. ఈ బ్యాచి గూడా పోయిందంటే నేనేం చెప్పలేను మేడం. ల్యాబు మూసేస్తారు. ముందే చెప్తన్నా, తరువాత నా మీద పెట్టబాకండి."

సుభాషిణికి కోపం వస్తే మాటలు రావు. నడుస్తుంది. షెడ్డు దాటి, ట్యాంకుల వరస దాటి, సముద్రం నీళ్ళొచ్చే గొట్టాల దాకా విసవిసా నడిచింది. సరుగుడు తోపు మీదుగా ఉప్పుగాలి వీస్తోంది. ఇసకలోంచి లేచిన రెండు లావాటి గొట్టాలు తొట్టిలో నీళ్ళు కుమ్మరిస్తున్నాయి. వాటి మూతులకు గోనెసంచులంతేసి మందపాటి గుడ్డసంచులు కట్టి ఉంటాయి. సముద్రం నీళ్ళతో పాటు వచ్చే చెత్తంతా వాటిలో ఆగుతుంది. రోజూ పొద్దున వాటిని విప్పి, వేరేవి కట్టి, విప్పినవాటిని పక్కనున్న బండ మీద ఉతకడం రాఘవమ్మ పని. తోపు వెనకాల పాళెం ఆమెది, చేపలు పట్టుకునేవాళ్ళ కుటుంబం. పదహారేళ్ళుగా ఈ బండ మీదే ఉంది.

బండ వెనక పిట్టగోడ మీద రేకు డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. రొయ్యపిల్లలకు మేతగా పెట్టే ఆర్టీమియా గుడ్లు వచ్చే డబ్బాలు, ముప్పై దాకా ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం. లోపల ఎండిపోయిన బురద, నాచు, గుల్ల ముక్కలు. రెండేళ్ళుగా ఇటువైపు వస్తూ పోతూనే ఉన్నా సుభాషిణి వాటిని ఎప్పుడూ పరకాయించి చూడలేదు.

"ఇవేంటి రాఘవమ్మా?"

"సంచుల్లో వచ్చిందే మేడమా. కొంచెం కొంచెం ఎత్తిపెడతా."

"ఎందుకు?"

రాఘవమ్మ తడిచేత్తో ముక్కు తుడుచుకొని నవ్వింది. "వూరికే."

"ఊరికేనా? ఇంత కుళ్ళు తొట్టి పక్కన పెట్టుకుంటే జబ్బులు రాక ఏమొస్తాయి? ఈరోజే పారేయి."

రాఘవమ్మ డబ్బాల వైపు చూసి తలూపింది. "మేడమా, ఒక మాట. ఈ కుడిపక్క సంచి నాలుగు దినాలుగా..."

"రాఘవమ్మా, నీళ్ళ సంగతి మేం చూసుకుంటాం. ఇవన్నీ నీకెందుకు? నీ పని నువ్వు చూసుకో."

రాఘవమ్మ వంగి సంచిని బండకేసి బాదడం మొదలుపెట్టింది. పది నిమిషాల కింద షెడ్డులో సుభాషిణి తిన్న దెబ్బే అది, చేతులు మారింది. ఆ పూట సుభాషిణికి అది తట్టలేదు. తట్టి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది.

*

మంగళవారం కోట బజారు నుంచి కొత్త బ్లీచింగు మూటలొచ్చాయి. సుభాషిణి దగ్గరుండి తూయించి, దగ్గరుండి వేయించింది. నీళ్ళు గాజుగొట్టంలో పట్టి మందుచుక్క వేస్తారు, పసుపు తిరిగితే బ్లీచింగు ఉన్నట్టు. మధ్యాహ్నం పసుపు తిరిగింది. చీకటి పడకముందే లేతపడింది. బుధవారం పొద్దున చుక్క మీద చుక్క వేసినా నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

తొమ్మిదింటికి అయిదో ట్యాంకు అడుగు బిరడా లాగేశారు. లక్షల పిల్లలు బూడిదరంగు నీళ్ళతో కలిసి కాలవలోకి పోతుంటే సుశీల్ కుమార్ చేతులు కట్టుకొని చూస్తూ నిలబడ్డాడు. ఏమీ అనలేదు. అనాల్సిన పని లేకుండా గ్రూపులో ఎవరో పెట్టనే పెట్టారు, బ్లీచింగు మూటకు బంతిపూల దండ వేసిన ఫోటో. కింద 'సైంటిస్టు మేడం గారి కొత్త మందు' అని రాసి ఉంది. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు.

సుభాషిణి ఆ బొమ్మల్ని లెక్కపెట్టింది. లెక్కపెట్టకుండా ఉండాల్సింది. రెండేళ్ళుగా తను సరిగ్గా చెప్పినప్పుడల్లా నవ్వినవాళ్ళే ఇప్పుడు తప్పు చెప్పినందుకు నవ్వుతున్నారు. తేడా ఒక్కటే, ఈసారి నవ్వడానికి వాళ్ళకు కారణం దొరికింది. తప్పు చేసే హక్కు అందరికీ ఉంటుంది గాని చదువుకున్నామె తప్పు చేస్తే ఆమె చదువంతా తప్పయిపోతుంది.

కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు. ల్యాబులోకి పోయి, రిజిస్టరు తెరిచి, మూసి, మళ్ళీ బయటికొచ్చింది. రేపే గురువారం. ట్యాంకుల నుంచి వెనక్కి నీళ్ళొచ్చే దారినే నడిచింది. బ్లీచింగు తొట్టి చూసింది. ఇసక ఫిల్టర్లు చూసింది. మూత తీసి వాసన పీల్చింది. ఎక్కడా ఏమీ తెలియలేదు. అట్లా నడిచి నడిచి గొట్టాల దగ్గర బండకే వచ్చి ఆగింది.

పిట్టగోడ ఖాళీగా ఉంది. డబ్బాలున్న చోటల్లా తుప్పు వలయాలు మిగిలాయి.

"డబ్బాలేవి?"

"పారేయమన్నావు గదా మేడమా." రాఘవమ్మ తలెత్తలేదు.

సుభాషిణి ఆ వలయాల వంక కాసేపు చూసింది. "మొన్న ఏదో చెప్పబోయావు. కుడిపక్క సంచి అని."

"నేనేం చెప్పినా? మీరు చదువుకున్నోళ్ళు. మాకేం తెలుస్తాది మేడమా."

మాటకు మాట అదే. సుశీల్ కుమార్ షెడ్డులో అన్న మాటే. అతని గొంతులో నవ్వుంది, ఈమె గొంతులో లేదు, అంతే. సుభాషిణికి చెంప మీద కొట్టినట్టయింది. నేనూ వాళ్ళలాంటిదాన్నేనా అనుకుంది. క్షమించమని అడగాలనుకుంది. అడగడం చేతగాక చున్నీ నడుముకు బిగించి, జేబులోని గ్లవుసు తొడుక్కొని, బండ దగ్గర గొంతుక్కూర్చొని, ఉతకాల్సిన రెండు సంచుల్నీ తన వైపు లాక్కుంది.

రాఘవమ్మ విసుక్కున్నట్టు, "ఆ గ్లవుసు తీసెయ్. అదేసుకోని కడిగితే నీకేం తెలుస్తాది?" అంది.

సుభాషిణి గ్లవుసు తీసేసింది. ఎడమ గొట్టం సంచిలో చెయ్యి పెట్టింది. గరగరమని ఇసక, నాచు తుంపులు, మామూలు సముద్రం వాసన. రెండోది పట్టుకోగానే చెయ్యి జారింది. గుడ్డంతా ఏదో పూసినట్టుంది. వేళ్ళు విడదీస్తే మధ్యన అంటుకొని వస్తోంది.

"ఏందనిపిస్తాంది?"

"జిగట."

"జిగట బతికిన చేప మీద గూడా ఉంటాది. ఇది తెగతుండాదా, సాగతుండాదా?"

సుభాషిణి వేళ్ళు మళ్ళీ విడదీసి చూసింది. "సాగుతోంది."

"చచ్చినదాని జిగట సాగతాది. వాసన చూడు." రాఘవమ్మ సంచి అడుగు కుట్టు దగ్గర తిరగేసి, గోటితో గీకి, రెండు నల్లటి గుల్లలు అరచేతిలో పెట్టింది. "సముద్రంలోంచి కొట్టుకొచ్చిన గుల్ల మూసుకోనుంటాది, లేదంటే లోపల ఏం లేకండా తెల్లగా ఉంటాది. దీన్ని చూడు. నోరు తెరుచుకోనుండాది, కండ లోపలే కుళ్ళిపోతాంది. ఇది సముద్రంలో చావలా. మన గొట్టంలో చచ్చింది."

కుడి గొట్టం మోటారు చెడిపోయి నెల్లాళ్ళు మూతపడి ఉంది. పోయిన గురువారమే మళ్ళీ తెరిచారు. గొట్టం లోపల గోడలకు పట్టుకొని పెరిగే గుల్లలు కొత్త నీళ్ళు రాక అన్నాళ్ళూ లోపలే చచ్చి కుళ్ళాయి. ఇంతకుముందు మూసి తెరిచినప్పుడల్లా మొదటి రెండు పూటల నీళ్ళు తొట్టిలోకి రానీకుండా మళ్ళీ సముద్రంలోకే వదిలేసేవాళ్ళు. ఈసారి వదల్లేదు. ఇదంతా రాఘవమ్మ సంచి పిండుతూ, మధ్యమధ్య ఉమ్మేస్తూ చెప్పింది.

"పోయినేడు చవితికి ముందు మూసినారు, అప్పుడు ఒదిలినారు. తుఫానప్పుడు గూడా ఒదిలినారు. అయినా ఒక దినం ఇట్టాంటి జిగటే వచ్చింది, మళ్ళా పోయింది. ఇప్పుడు ఏడో దినం, పోలా."

"అన్ని రోజులు నీకెట్లా గుర్తుంది?"

"డబ్బాల్లో ఉండె గదా" అంది రాఘవమ్మ. "నాకు రాసుకునేది రాదు. అందుకని దాచుకుంటా."

సుభాషిణి చేతిలో సంచి అట్లాగే ఉండిపోయింది. బ్లీచింగుకు ఏ లోపమూ లేదు. వేసిన బ్లీచింగునంతా నీళ్ళలోని ఆ కుళ్ళు తినేస్తోంది. బ్యాక్టీరియాను చంపడానికి తొట్టిలో ఏమీ మిగలక, అది బతికే ట్యాంకుల దాకా వచ్చేస్తోంది. ల్యాబులో కూర్చొని తను నీళ్ళను చివరి నుంచి చూస్తోంది, ఈమె మొదటి నుంచి చూస్తోంది. ఆ మొదటి సగం రిజిస్టరు గోడ మీద ఉంటే, తనే పారేయించింది.

"రేపు మీటింగులో నువ్వే చెప్పక్కా" అంది. అక్కా అన్న మాట తనకు తెలియకుండానే వచ్చింది.

రాఘవమ్మ బెదిరిపోయింది. "నేనా? నా పేరే ఎత్తబాక పాపా. నా పేరెత్తినావంటే నీళ్ళు మార్చరు, నవ్వుకోని ఎల్లిపోతారు. నువ్వు చెప్పినావనుకో, తిట్టుకుంటానైనా మారుస్తారు."

"అది అన్యాయం కదా."

"న్యాయం మళ్ళా చూసుకుందాంలే. ముందు పిల్లలు బతకాల గదా" అని సంచిని దులిపి తీగ మీద ఆరేసింది.

*

గురువారం ఎండీ పెంచలకృష్ణ గారు వచ్చేసరికి షెడ్డు కడిగి ముగ్గేశారు. ఆయన కుర్చీలో కూర్చుంటూనే, "అయిదు పోయిందంట?" అన్నాడు. తర్వాత సుభాషిణి వైపు తిరిగి, "ల్యాబు పెట్టుకోని గూడా ఇట్టయితే ఎట్టమ్మా?" అన్నాడు.

సుభాషిణి రెండు గాజుగొట్టాలు బల్ల మీద పెట్టింది. పొద్దున్నే సముద్రం గొట్టాలు రెంటి నీళ్ళూ విడివిడిగా పట్టి, రెంటిలోనూ ఒకే కొలతలో బ్లీచింగు వేసి ఉంచింది. మందుచుక్క వేసింది. ఎడమది పచ్చటి పసుపు తిరిగింది. కుడిది ఉలకలేదు, పలకలేదు. ఆ నల్ల గుల్లల్ని కాగితం మీద పెట్టి విప్పి చూపించింది. చెప్పాల్సింది చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎండీ గారు ముందుకు వంగి వింటున్నాడు కాబట్టి.

"మొదటి నీళ్ళు ఒదల్లేదా?" అన్నాడాయన.

సుశీల్ కుమార్ మొహం కందిపోయింది. "ఒక గంట ఒదిలినాం సార్."

హజరత్తయ్య స్తంభం దగ్గర్నుంచి మెల్లగా లేచాడు. "గంట చాలదు సార్. రెండు పూట్లు ఒదలాల."

"నీకు తెలిసి గూడా నాకెందుకు చెప్పలా?" సుశీల్ కుమార్ గొంతు లేచింది.

"మీరడగలా సార్." హజరత్తయ్య తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "అడగకండా చెప్పేవోళ్ళకి ఈడ ఏమవతుండాదో రోజూ చూస్తానే ఉండా గదా."

ఎండీ గారు లేచి, కుడి గొట్టం నీళ్ళు వెంటనే సముద్రంలోకి తిప్పేయమన్నాడు, తొట్లు కడిగి ఒక్క ఎడమ గొట్టం నీళ్ళతోనే నింపమన్నాడు. పోతూ పోతూ ఆగాడు. "ఇది కనిపెట్టిందెవరు?"

షెడ్డు చివర రాఘవమ్మ చీపురుతో నేల ఊడుస్తోంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది. తల ఎత్తకుండానే అడ్డంగా ఊపింది.

"ల్యాబులో తేలింది సార్" అంది సుభాషిణి.

"చదువంటే అదీ!" అన్నాడు ఎండీ గారు. "సుశీలూ, మన ల్యాబు ఉండాల్సిందేనబ్బా."

రెండేళ్ళుగా సుభాషిణి ఎదురుచూసిన మాట అది. ఎన్నోసార్లు ఆ మాట విన్నట్టు ఊహించుకొని లోలోపల మురిసిపోయింది కూడా. తీరా వస్తే చప్పగా ఉంది. ఆ రోజంతా తొట్ల చుట్టూ తిరుగుతూనే ఉంది. అన్నం సయించలేదు. దొంగసొమ్ము జేబులో వేసుకున్నట్టు ఒకటే గుబులు.

శనివారం పొద్దున ఏడో ట్యాంకు బీకరు ఎత్తి చూస్తే దారాలే దారాలు. ఎనిమిదిలోనూ అంతే. ఆరోది సగం నిలబడింది. సుశీల్ కుమారే బీకరు పట్టుకొని అందరికీ చూపించాడు. నెల్లూరు నుంచి మలై కాజా డబ్బా తెప్పించాడు. మనిషిలో ఏదో మెత్తబడినట్టే ఉంది. "మేడం గారికి చప్పట్లు కొట్టండబ్బా" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. సుభాషిణి కాజా చేతిలోకి తీసుకోలేదు. "కనిపెట్టింది నేను కాదు సార్. రాఘవమ్మ. సంచులు కడుగుతూ తనే పట్టుకుంది. మొన్నే నాకు చెప్పబోతే నేనే నోరు మూయించాను. అప్పుడు వినుంటే అయిదో ట్యాంకు కూడా దక్కేదేమో."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వారు. పగలబడి నవ్వారు.

"మేడం గారిది మంచి మనసు. పేరు గూడా పంచిపెడతన్నారు" అన్నాడు సుశీల్ కుమార్.

"అయితే రేపట్నించి ల్యాబులో రాఘవమ్మ, సంచులకాడ మేడమా?" అన్నాడు ప్యాకింగు వాళ్ళలో ఒకడు.

"రాఘవమ్మోయ్, మా ఇంటి బోరునీళ్ళు గూడా చూసిపెట్టు, ఫీజెంతైనా ఇస్తా!"

మధ్యాహ్నానికి గ్రూపులో రాఘవమ్మ ఫోటో వచ్చింది, కళ్ళద్దాలు గీసి, మెడలో డాక్టరు గొట్టం తగిలించి. దాన్ని ఆమెకు ఎవరు చూపించారో తెలియదు. సాయంత్రం గేటు దగ్గర సుభాషిణి కోసం ఆగి ఉంది. మొహం గంటు పెట్టుకొని ఉంది.

"చెప్పబాకని చెప్పినా గదా పాపా."

"నిజమే కదక్కా చెప్పాను."

"నిజం నీకు. నవ్వులు నాకు" అంది రాఘవమ్మ. "పదారేళ్ళు నా బండ మీద నేను నెమ్మదిగా కడుక్కుంటా ఉన్నా. ఇప్పుడు తల ఎత్తుకోని యాడ నడిచేది?" అని చెప్పులు చేత్తో పట్టుకొని సరుగుడు తోపు వైపు ఇసకలో పడి వెళ్ళిపోయింది.

*

ఆదివారం రాఘవమ్మ పనికి రాలేదు. పదహారేళ్ళలో చెప్పకుండా మానింది లేదని హజరత్తయ్య అన్నాడు. ముందురోజు విప్పిన సంచులు ఉతక్కుండానే బండ మీద ఈగలు ముసురుకొని పడి ఉన్నాయి. ఎవరూ అటు పోలేదు. సుభాషిణికి ఆదివారం సెలవు. అయినా వచ్చింది. చున్నీ బిగించి సంచుల ముందు కూర్చుంది. మంచి చేశానో చెడు చేశానో తేల్చుకోలేక రాత్రంతా అటూ ఇటూ దొర్లింది. ఆమెకు దక్కాల్సింది ఆమెకు ఇద్దామనుకుంది. ఇచ్చింది మాత్రం తన నెత్తి మీద రెండేళ్ళుగా ఉన్న ముళ్ళకంపనే.

రెండో సంచి సగంలో ఉండగా వెనక చెప్పుల చప్పుడైంది. సుశీల్ కుమార్.

"రాలేదా ఆమె?"

"రాలేదు."

"ఏదో సరదాకి అన్నారులే."

"నన్నూ సరదాకే కదా సార్ అంటున్నారు, రెండేళ్ళుగా."

అతను సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. "మీకు తెలీదు మేడం" అన్నాడు. "నేను పదో తరగతి తప్పినోణ్ణి. మీలాంటోళ్ళు వచ్చినప్పుడంతా, ఇంక మనం ఇంటికి పోవాల్సిందే అనిపిస్తాది. అందరూ నవ్వతా ఉంటే కొంచెం ధైర్యంగా ఉంటాది." చెప్పాక అంతవరకు ఎందుకు చెప్పానా అన్నట్టు గొంతు సవరించుకున్నాడు. "ఈ బండ మీద నేనూ ఒక ఏడాది పనిచేసినా. గబగబా బాదేసి పోయేవాణ్ణి. ఎట్టా తెలుస్తాది, చూస్తే?"

"చూస్తే తెలీదు సార్. కడిగితే తెలుస్తుంది."

సుశీల్ కుమార్ వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు. ప్యాంటు పైకి లాక్కొని గొంతుక్కూర్చొని సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా రెండు సంచులూ కడిగి ఆరేశారు. పోతూ అతను ఫోనులో ఏదో నొక్కుకుంటూ పోయాడు. తర్వాత సుభాషిణి గ్రూపు తెరిచి చూస్తే ఆ ఫోటో లేదు. గ్రూపుకు అడ్మిన్ అతనే.

సోమవారం మీటింగు జరుగుతుండగా గేటులోంచి రాఘవమ్మ వచ్చింది. నెత్తిన గోనెసంచి ఉంది. అడుగడుక్కీ అది గలగలమంటోంది. షెడ్డులో ఒకడు నవ్వబోయాడు. పక్కన ఎవరూ కలవకపోయేసరికి దగ్గుగా మార్చుకున్నాడు. రాఘవమ్మ వాళ్ళ వైపు చూడలేదు. బండ వైపూ పోలేదు. నేరుగా ల్యాబు గుమ్మం దగ్గరికి వెళ్ళి, అక్కడి మందునీళ్ళ పళ్ళెంలో కాళ్ళు తడిపి, లోపలికి పోయింది.

సుభాషిణి వెనకాలే పరిగెత్తింది. సుశీల్ కుమార్, హజరత్తయ్య కూడా వచ్చి గుమ్మంలో ఆగారు.

రాఘవమ్మ నీలం టేపు దగ్గర ఆగి బరువు దించింది. మూతి విప్పితే డబ్బాలు. ఎర్రదారం, పచ్చదారం, ఊదాదారం. ఒక్కటీ పోలేదు.

"పారేశావనుకున్నానక్కా" అంది సుభాషిణి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నువ్వు పారేయమంటే పారేస్తానా? పదారేళ్ళవి ఇవి. నువ్వు నిన్నగాక మొన్న వచ్చినదానివి. ఇంటికి ఎత్తకపోయినా." రాఘవమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని ఊపిరి తీసుకుంది. "నిన్నంతా కూర్చోని వరస పెట్టినా. ఏది ఎప్పటిదో, అప్పుడు పిల్లలు యెట్టుండాయో నేను చెప్తా. నువ్వు రాసుకో."

"వాళ్ళు మళ్ళీ నవ్వితే?"

రాఘవమ్మ గుమ్మం వైపు చూసింది. సుశీల్ కుమార్ కళ్ళు దించుకున్నాడు.

"నవ్వనీ. ఎట్టాగూ నవ్వించుకునేదే గదా, సరుకు ముందర పెట్టి నవ్వించుకుందాం అనుకున్నా" అంది. తర్వాత ఈ హేచరీలో ఎవరితోనూ మాట్లాడని గొంతుతో, "బల్ల మీద చోటు చెయ్యి పాపా" అంది.

బల్ల మీద చోటు లేదు. సుభాషిణి 'ముట్టుకోరాదు' కాగితాన్ని చింపేసి, మైక్రోస్కోపును రెండు చేతులా ఎత్తి పక్కనున్న స్టూలు మీదికి మార్చింది. రాఘవమ్మ టేపు దాటి వచ్చి మొదటి డబ్బా పెట్టింది.